గుర్రపుశాలలో గృహప్రవేశం

నేను రిటైరవడానికి ముందు ఏడాది మార్చిలో, ప్లెయిన్స్‌బరో దగ్గర ఒక పాత ఎస్టేట్‌లోని గుర్రపుశాలను కొలిచే పని అప్పగించారు. పాత కట్టడాలను అంగుళాలతో సహా కొలిచి నక్షా గీయడం నా ఉద్యోగం. కాలేజీలో చదివింది కాదు, టేపు పట్టుకుని నేర్చుకున్నది.

ఇటుక కట్టడం. మధ్యలో బగ్గీలు వెళ్లే కమాను, పైన గడియారపు గోపురం, అటూ ఇటూ గుర్రాలను కట్టే అరలు. డాక్టర్ రావుగారు దాన్ని కొని ఇల్లుగా మార్పిస్తున్నారు. చారిత్రక కట్టడం కనుక టౌన్‌షిప్ కమిషన్ అనుమతి లేనిదే మేకు కూడా కొట్టకూడదు.

ఆషాఢం రాకముందే ముహూర్తం పెట్టుకున్నారు. ఆవు ముందు నడవందే గడప దాటనని రావుగారి భార్య సుశీలగారు పట్టుబట్టారు. ఆవును లోపలికి తేవడానికి కమిషన్‌ను అడిగితే ఒప్పుకోలేదు. ఇక్కడ చరిత్రలో ఉన్నవి గుర్రాలు, కావాలంటే గుర్రాన్ని తెచ్చుకోవచ్చని జవాబిచ్చింది.

"గుర్రంతో గృహప్రవేశమా? మా అత్తగారు వీడియో కాల్‌లో చూస్తారండీ!" అన్నారు సుశీలగారు.

"నాకు హార్స్ ఎలర్జీ కూడా," అన్నారు డాక్టరుగారు.

"మీరు కాస్త ఊరుకోండి."

నా కొలతల కాగితాలు మళ్లీ తీసి చూశాను. అన్ని అరల్లోనూ మేత తొట్టి నేలకు నలభై రెండు అంగుళాల ఎత్తున ఉంది. ఉత్తరపు చివరి అరలో పద్నాలుగే, గుర్రానికి కాదు, ఆవుకు సరిపోయే ఎత్తు. వెనక పేడనీళ్లు పోయే కాలువ కూడా ఉంది. అది ఎస్టేట్ వారి పాడి ఆవును కట్టిన చోటు. ఆ మాటే రిపోర్ట్‌లో రాశాను.

కమిషన్ సంబరపడి ఆవుకు ఏకగ్రీవంగా అనుమతి ఇచ్చింది. అంత అరుదైన అరను ఇకపై ఆవు కొట్టంగానే ఉంచాలని, లోపల నిప్పు రాజేయకూడదని షరతు పెట్టింది.

కొత్త నక్షాలో ఆ అర వంటగది.

ముహూర్తానికి ఆవు వచ్చింది. గడప దాటి, తిన్నగా ఆ తొట్టి దగ్గరికి పోయి నిలబడింది. ఎంత లాగినా కదల్లేదు. పాలు పొంగించడానికి పొయ్యి ఎక్కడమ్మా అని పురోహితుడు అడిగారు. చివరికి డ్రైవ్‌వేలో, క్యాంపింగ్ స్టవ్ మీద పొంగించారు.

"ఆవు లోపల, పొయ్యి బయట. బాగా కొలిచారండీ!" అన్నారు సుశీలగారు, నా చేతికి ప్రసాదం ఇస్తూ.

అప్పటినుంచి పాత గోడ గురించి ఏది రుజువు చేసే ముందైనా, కొత్త నక్షాలో ఆ చోట ఏం రాబోతోందో చూసుకునేవాణ్ణి.