కడిగే ముందు పళ్ళెం చదివే జావమ్మ

జావమ్మని మీరు ఒక్కసారైనా కలవాలి. కుదిరితే చూద్దాంలే అంటే ఒప్పుకోను, కలిసి తీరాల్సిందే. ఆసుపత్రి వెనకవైపు, బట్టలుతికే గది దాటాక, ఎప్పుడూ ఆవిరి పట్టి ఉండే అద్దాల తలుపు ఒకటుంది. అది తోసి లోపలికెళ్తే నడుముకి తువ్వాలు బిగించి, చెవి మీద పెన్సిల్ పెట్టుకున్న యాభై ఎనిమిదేళ్ళ మనిషి కనిపిస్తుంది. ఆవిడే. ఆ పెన్సిల్ రాయడానికి కాదు. దేనికో చెప్తాను.

అసలు పేరు ఆఫీసు కాగితాల్లో ఎక్కడో ఉంది. పొద్దున్నే రోగులకి జావ కాస్తుంది కాబట్టి అందరికీ జావమ్మే. ఆ వంటింట్లో చేరి ఇరవై రెండేళ్ళు. అందులో మొదటి తొమ్మిదేళ్ళూ ఆవిణ్ణి పొయ్యి దగ్గరికే రానివ్వలేదు. సింకు ముందు నిలబడి పళ్ళేలు కడగడమే పని.

ఆవిడ సంగతి మొదట పట్టుకున్నది డైటీషియన్ అమ్మాయి. చదువు పూర్తి చేసుకుని మూడు నెలల కిందటే ఉద్యోగంలో చేరింది. రోగులు వదిలేసిన తిండిని తూకం వేసి రాసుకోవడం ఆమె పనుల్లో ఒకటి. అంకెలంటే ప్రాణం పెట్టే పిల్ల. ఆ అంకెలే ఆమె బుర్ర తినేశాయి. వంటింట్లో వంటవాళ్ళు ఇద్దరు. ఓ వారం జావమ్మ, ఓ వారం ఇంకొకాయన. చార్టు ఒకటే, గిన్నెలు ఒకటే, బియ్యం ఒకే బస్తాలోవి. ఆయన వండిన రోజు నలభై మంచాల నుంచి పదకొండు కిలోలు వెనక్కొస్తుంది. జావమ్మ వండిన రోజు రెండు కిలోలు, అదీ తొక్కలూ గింజలూ కలుపుకుని.

తూకం మిషన్ చెడిపోయిందేమోనని బాగుచేయించింది. అంకెలు మారలేదు. దొంగచాటుగా వెన్న వేస్తోందేమోనని ఒకరోజంతా పొయ్యి పక్కన కాపలా కాసింది. వెన్నా లేదు, నూనే లేదు. కానీ మధ్యాహ్నం ఎంగిలి పళ్ళేల బండి రాగానే జావమ్మ గరిటె పక్కన పెట్టేసి సింకు దగ్గరికి నడిచింది. చెవి మీది పెన్సిల్ తీసి, దాని వెనక కొసతో పళ్ళేల్లో మిగిలినవాటిని అటూ ఇటూ జరుపుతూ ఒక్కొక్కటే చూడసాగింది.

ఏం చూస్తున్నారని అడిగింది అమ్మాయి.

"నువ్వు ఎంత వదిలారో చూస్తావు. నేను ఎక్కడ వదిలారో చూస్తాను" అంది జావమ్మ.

ఆరో మంచం ఆవిడ కూర ముక్కలు సగం నమిలి పళ్ళెం అంచున తీసి పెట్టిందట. అంటే పన్ను నొప్పి, మొహమాటపడి చెప్పడం లేదు. రేపట్నించి ఆవిడ కూర మెదిపి పంపాలి. పదిహేడో మంచం లారీ డ్రైవరు గబగబా నాలుగు ముద్దలు తిని ఆపేశాడు. నోరు కాల్చుకునే రకం. ఆయనది ముందు వడ్డించి, ఆఖర్న పంపాలి. ఇరవై రెండో మంచం పిల్ల అన్నీ కెలికి దేన్నీ తినలేదు. "వంటది కాదు తప్పు. ఇవాళ వాళ్ళింట్లోవాళ్ళు ఎవరూ వచ్చుండరు" అంది. అమ్మాయి వార్డుకెళ్ళి వాకబు చేసింది. నిజంగానే ఎవరూ రాలేదు. ఆమె నాలుగేళ్ళు చదివిన లావుపాటి పుస్తకాల్లో పళ్ళెం అంచు గురించి ఒక్క వాక్యం కూడా లేదు మరి.

అలాంటి జావమ్మకి పదకొండో మంచం పెద్ద పరీక్షే పెట్టింది.

ఆ మంచం మీదున్నది ఓ ముసలి టైలరు. కడుపు ఆపరేషన్ అయింది, కుట్లు మానుతున్నాయి. జావ పట్టొచ్చని డాక్టరు చెప్పి నాలుగు రోజులైంది. ఆయన తాగడు. అడిగితే ఆకలి లేదంటాడు. సిస్టరు తినిపించబోతే గోడవైపు తిరిగి పడుకుంటాడు. చేతులు ఎప్పుడూ దుప్పటి కిందే. మర్నాడు పొద్దున తను రౌండ్స్‌కి వచ్చేలోపు నోట్లోకి ఏదైనా వెళ్ళకపోతే ముక్కులోంచి గొట్టం వేయాల్సిందేనని డాక్టరు తేల్చేశాడు.

అంతకుముందు మూడు రోజులూ రెండో ఆయన వారం. జావమ్మ వారం మొదలైంది ఆ రోజే. మధ్యాహ్నం పదకొండో ట్రే వెనక్కొచ్చింది. గిన్నెలో జావ దాదాపు పోసినంతా ఉంది. తన చేతి జావ కూడా అలా తిరిగొచ్చేసరికి జావమ్మ మొహం చిన్నబోయింది. ట్రే మీద పరిచే గుడ్డ మాత్రం నాలుగు మడతలై, కొసకి కొస కలిసి, ఇస్త్రీ చేసినట్టు పక్కన ఉంది. పెన్సిల్‌తో మడత విప్పింది. లోపలివైపు జావ మరకలు. గిన్నె ఉండే చోటు నుంచి మనిషి వైపుకి చుక్కలు చుక్కలుగా, వరసగా.

జావమ్మ ఆ చుక్కల వరస వెంట పెన్సిల్ కొస జరిపింది.

"ఆకలి లేక కాదమ్మాయ్. చెయ్యి వణుకుతోంది. చెంచా నోటిదాకా రావట్లేదు. టైలరు కదా, ఆ చెయ్యి నలుగురి కళ్ళా పడకూడదని కడుపు మాడ్చుకుంటున్నాడు."

అయితే సిస్టరుతో చెబుదామంది అమ్మాయి. చెబితే అది వార్డంతా తెలుస్తుంది, ఆయన ఇంకా ముడుచుకుపోతాడంది జావమ్మ. తనే వెళ్ళాలి. చిక్కల్లా అక్కడే ఉంది. వంటింటివాళ్ళు వార్డు గడప దాటకూడదని ఆసుపత్రి రూలు. జావమ్మ ఇప్పటికే రెండుసార్లు దాటి దొరికిపోయింది. ఇంకోసారి దొరికితే పొయ్యి దగ్గర్నుంచి తీసేసి సామాన్ల గదిలో వేస్తామని సూపరింటెండెంటు రాసిచ్చిన కాగితం అమ్మాయి కూడా చూసింది.

మర్నాడు పొద్దున జావమ్మ ఎప్పటిలాగే జావ కాచింది, ఎప్పటిలాగే రెండుసార్లు వడకట్టింది. గిన్నెలో పోయలేదు. పెద్ద పిడులున్న రెండు మగ్గులు తీసి సగం సగం నింపింది, మిగిలింది మూతగిన్నెలో పోసింది. మోచేతుల దాకా చేతులు కడుక్కుని, ఉతికిన తువ్వాలు కట్టుకుని బయల్దేరింది. వార్డు గుమ్మంలో అమ్మాయి ఎదురైంది. ఆపొచ్చు. నిజానికి ఆపాలి. ఆమె పక్కకి జరిగి దారిచ్చింది.

జావమ్మ పదకొండో మంచం చుట్టూ తెర లాగింది. ఒక మగ్గు ఆయన ట్రే మీద పెట్టింది. తాగమనలేదు, ఎలా ఉందని అడగలేదు. స్టూలు లాక్కుని, ఆయనకి వీపు పెట్టి, కిటికీ వైపు తిరిగి కూర్చుంది. తన మగ్గు రెండు చేతులతో పట్టుకుని తాగుతూ కబుర్లలో పడింది. తన పొయ్యికి పొద్దున్నే ఎంత పొగరో, రెండో వంటాయన ఉల్లిపాయలు తరుగుతూ పాడుతుంటే పిల్లులు ఎలా పరుగు తీస్తాయో. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

తెర సందులోంచి అమ్మాయి చూసింది. దుప్పటి కింద నుంచి రెండు చేతులు నెమ్మదిగా బయటికొచ్చాయి. మగ్గుని పట్టుకున్నాయి. మగ్గు అంచు ఆయన పళ్ళకి టకటకా కొట్టుకుంది. గడ్డం మీద కొంచెం కారింది. తుడుచుకుని మళ్ళీ ఎత్తాడు. ఆ టకటకలు వినిపించినట్టున్నాయి, జావమ్మ గొంతు ఇంకాస్త పెంచింది.

కాసేపటికి మగ్గు ట్రే మీద దిగింది.

"ఉప్పు తక్కువైంది చెల్లమ్మా" అన్నాడు టైలరు. ఐదు రోజుల్లో ఆయన అన్న అంత పొడుగు మాట అదే.

"చార్టు ప్రకారమే వేశానన్నయ్యా. బయటో అమ్మాయుంది, పోట్లాడాలంటే ఆవిడతో పోట్లాడు."

"ఇంకాస్త ఉందా?"

జావమ్మ వీపు అలాగే ఉంచి, మగ్గు అందుకోడానికి చెయ్యి మాత్రం వెనక్కి చాపింది.

రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు గొట్టం మాట కొట్టేసి వెళ్ళిపోయాడు. అమ్మాయి ఆ మగ్గుని తూకం వేసింది. గీకినా గ్రాము రాలేదు. వంటింట్లోకెళ్ళి అడుగున మిగిలిన జావ చెంచాతో నోట్లో వేసుకుంది. మామూలు జావ. నిన్న ఆయన వద్దన్న జావే, అదే బియ్యం, అదే ఉప్పు. గుళ్ళో నిలబడ్డట్టు ఆ గిన్నె ముందు అలాగే నిలబడిపోయింది.

ఇక గొట్టం మాట రద్దయినందుకు అమ్మాయి ఒక ఫారం నింపాలి. రోగి తినడానికి కారణం ఏమిటని ఒక గడి ఉంది. పాత్ర మార్చామని రాస్తే అబద్ధం కాదు, ఎవరికీ ఇబ్బంది లేదు. కానీ అది చదివినవాళ్ళు నలభై మగ్గులు కొంటారు, వీపు తిప్పి కూర్చునేవాళ్ళు మాత్రం ఉండరు. ఉన్నదున్నట్టు రాస్తే జావమ్మ సామాన్ల గదికి పోతుంది, నలభై పళ్ళేలు చదివేవాళ్ళుండరు.

అమ్మాయి మొత్తం రాసింది. గుడ్డ మడత, లోపలి మరకలు, మగ్గు, స్టూలు, వీపు. గడి చాలక మార్జిన్‌లోకి కూడా వెళ్ళింది. ఫారం అడుగున, వార్డులోకి అనుమతి ఇచ్చినవారు అన్నచోట తన పేరు రాసి సంతకం పెట్టింది. ఆ అనుమతి ఇచ్చే అధికారం ఆమెకి లేదు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కూడా కాలేదు. ఆ కాగితం రేపు సూపరింటెండెంటు బల్ల మీదికి వెళ్తుంది. సింకు దగ్గర జావమ్మ ఇదేమీ తెలియక, పెన్సిల్ పట్టుకుని మధ్యాహ్నం పళ్ళేల మీద వంగి ఉంది.

ఆ గుమ్మంలో మీరుంటే దారిచ్చేవారా? ఆ ఫారం మీ చేతిలో ఉంటే ఏం రాసేవారు?