నూకరత్నం హాజరు

2006 ఫిబ్రవరిలో నన్ను విశాఖపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు రెండేళ్ల డెప్యుటేషన్ మీద పంపారు. హోదా సీనియర్ సర్వేయర్. కింద ఒక జూనియర్ సర్వేయర్, నలుగురు ఖలాసీలు. అప్పగించిన పని ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. 2004 డిసెంబరులో సునామీ తెచ్చిన భూకంపంలో కుంగిన నేల మీద ఎత్తులన్నీ మళ్లీ కొలవాలి.

ఎత్తు కొలవడమంటే ఇదివరకే ఎత్తు తెలిసిన ఒక చోటి నుంచి బయలుదేరడం. ఆ చోటును బెంచ్ మార్క్ అంటాం. గోడలోనో, కల్వర్టు రాతిలోనో చెక్కిన చిన్న గుర్తు అది. సముద్ర మట్టానికి అది ఎంత పైన ఉందో అచ్చయిన జాబితాలో ఉంటుంది. రాయి కదలదన్న నమ్మకం మీదే మా వృత్తి నిలబడి ఉంది. భూకంపం వచ్చిన ఆ ఆదివారం ఉదయం పోర్ట్ బ్లెయిర్‌లో రాళ్లన్నీ ఎక్కడివక్కడే ఉండి, కిందికి దిగాయి.

మేము కొలిచిన కొత్త ఎత్తులు పై కార్యాలయం ఆమోదించేదాకా ముసాయిదా కిందే లెక్క. ముసాయిదా విలువను సంతకం పెట్టే ఏ కాగితం మీదా వాడకూడదు. అచ్చు జాబితా రద్దు కానంతవరకు అదే ప్రమాణం. ఈ నియమాన్ని ఇరవై రెండేళ్లు పాటించాను. నేను చెప్పబోయే తప్పు ఆ నియమాన్ని పాటించడం వల్లే జరిగింది.

డెలానీపూర్‌లో క్వార్టర్ ఇచ్చారు. మా అమ్మాయి వసుధకు అప్పుడు పద్నాలుగేళ్లు. విశాఖలో బడి జట్టులో ఫుట్‌బాల్ ఆడేది, ఇక్కడా ఆడతానంది. విచారిస్తే రెండు క్లబ్బులు తేలాయి. మొదటిది మా క్వార్టర్లకు దగ్గరలోనే, గుట్ట మీది మైదానంలో ఉంది. తన దగ్గర నేర్చుకున్న ఆడపిల్లలు ఎందరో పెద్ద పోటీలకు ఎంపికయ్యారని అక్కడి శిక్షకుడు చెప్పాడు. పేర్లు అడిగాను. మూడు చెప్పాడు. వాకబు చేస్తే ఒకమ్మాయి పరుగు పందేలకు ఎంపికైంది, ఇంకొకామె ఆ శిక్షకుడి మరదలు, మూడో పేరు ఎవరికీ తెలియదు. రెండు వారాలు వసుధను పంపి చూశాను. అబ్బాయిలు ఆడాక చివర పది నిమిషాలు ఆడపిల్లలకు దక్కేవి. "మేం ఉన్నది బంతి ఏరి తేవడానికే నాన్నా," అంది.

రెండోది డిగ్నాబాద్ దిగువన, సముద్రం పక్కనే ఉన్న పల్లపు మైదానం. అందరూ ఆడపిల్లలే. నేర్పేది పోలమ్మ, అందరికీ పోలమ్మ దీదీ. వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి చేపల వేటకు వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. ఆమె పుట్టింది, పెరిగింది దీవుల్లోనే; మాటలో హిందీ కలిసేది. వసుధ మొదటి రోజే గంటన్నర ఆడింది. నేను గట్టు మీద కూర్చుని చూశాను.

అక్కడ ఆట మధ్యలో పావుగంటకోసారి దీదీ విజిల్ ఊదేది. పదకొండు మందీ ఎక్కడివాళ్లక్కడ ఆగేవారు. హాజరు పిలుస్తున్నట్టే ఆమె ఒక పేరు పిలిచేది: "నూకరత్నం!" ఎవరూ పలికేవారు కాదు. పిల్లలంతా ఊపిరి బిగబట్టి, సముద్రం వైపున్న గోల్ వెనకకు చూసేవారు. ఇంకో రోజు మూడో విజిల్‌కు అక్కడి నేలలోంచి ఎవరో బొంగురు గొంతుతో "హాఁ" అన్నట్టు ఒక శబ్దం వచ్చింది. ఎండ కాస్తోంది, గాలి లేదు. పిల్లలు బంతి చంకన పెట్టుకుని పై రోడ్డెక్కారు. ఆ రోజుకు ఆట అయిపోయింది.

నూకరత్నం ఎవరని అడిగాను. ఆ జట్టు గోల్‌కీపరట. సునామీ ఉదయం ఆదివారపు ఆటకు అందరికన్నా ముందు వచ్చింది. బంతి గోల్ దాటి సముద్రం వైపు దొర్లిపోయింది. నీళ్లు వెనక్కి పోతూ ఉన్నాయి, బంతి వాటి వెంట పోతూ ఉంది, ఆమె బంతి వెంట వెళ్లింది. అప్పటినుంచి ఆ గోల్‌లో ఎవరూ కుదురుగా నిలబడలేదు. రెండో వారం నుంచి వసుధ నిలబడింది.

ఎవరో చెప్పింది విని ఊరుకునే మనిషిని కాను నేను. మరుసటి సెలవు రోజున లెవెల్ యంత్రం, కొలబద్ద పట్టుకునే ఖలాసీతో సహా మైదానానికి వెళ్లాను. గోల్ కొలతలు కూడా టేపుతో సరిచూశాను. "సార్ గోల్‌పోస్టుకి చొక్కా కుట్టిస్తన్నారే," అంది దీదీ. పిల్లలు విరగబడి నవ్వారు.

శబ్దానికి కారణం గంటలో దొరికింది. మైదానం కింద పాత సిమెంటు తూము ఉంది. దాని ఒక చివర సముద్రంలోకి, రెండో చివర గోల్ వెనక ఇనుప జాలీలోకి తెరుచుకుంటాయి. పోటు నీరు తూములోకి ఎక్కితే లోపలి గాలి జాలీలోంచి తోసుకొస్తుంది. పిలిచినందుకు శబ్దం రావడం లేదు. పిలిచాక అందరూ నిశ్శబ్దంగా ఉంటారు కనుక అప్పుడు వినబడుతోంది. దీదీకి ఇదంతా వివరించాను.

"తూము సంగతి నాకు మాలూమే సార్," అందామె. "అది పలికితే పానీ బయల్దేరినట్టు. ఆట ఒగ్గేసి పైకి పోవాల. ఉత్తినే వినమంటే పిల్లలు వింతారా? ఆ పిల్ల పేరెడితే వింతారు."

చనిపోయిన పిల్ల పేరుతో పిల్లలను భయపెట్టడం సరికాదన్నాను. ఇద్దరు ముగ్గురు తల్లులు కూడా అదే మాట అంటున్నారని ఆమె ఒప్పుకుంది. "భయం లేదని మీరు కాగజ్ మీద రాసియ్యండి సార్, మానేస్తాను. మీది సర్కారీ మాట గదా."

రాసిచ్చాను. డిగ్నాబాద్ దారిలోని కల్వర్టు బెంచ్ మార్క్ నుంచి బయలుదేరి, మైదానం మీదుగా తిరిగి అదే గుర్తుకు వచ్చి లెక్క ముగించాను. వెళ్లిన లెక్కకూ తిరిగొచ్చిన లెక్కకూ తేడా అనుమతించిన హద్దులోనే ఉంది. పోటుపాట్ల పట్టికలోని అతి పెద్ద పోటు కంటే మైదానం దాదాపు మీటరు పైన ఉందని తేలింది. జాలీ దగ్గర గడ్డి మాడి, నేల మీద ఉప్పు తెల్లగా మెరుస్తోంది. అది సునామీ నాటి ఉప్పు అనుకున్నాను. తూము శబ్దానికి ఆట ఆపనక్కరలేదని రాసి, హోదాతో సంతకం చేశాను. దీదీ ఆ కాగితాన్ని మడిచి జాకెట్టులో పెట్టుకుంది.

పున్నమి తర్వాతి ఆదివారం నేనూ గట్టు మీద ఉన్నాను. పట్టిక ప్రకారం పది గంటలకు పెద్ద పోటు. దీదీ విజిల్ ఊదింది కానీ పేరు పిలవలేదు. పిల్లలు ఆగి, ఆమె ముఖం చూసి, మళ్లీ ఆడారు. రెండోసారీ అంతే. మైదానం పొడిగా ఉంది. తొమ్మిదిన్నర దాటాక వసుధ తన చేతికొచ్చిన బంతిని తిరిగి తన్నలేదు. దాన్ని కింద పెట్టి, వెనక్కి తిరిగి, జాలీ వైపు వంగి పిలిచింది: "నూకరత్నం!"

నేల పలికింది. ఈసారి పొట్టి శబ్దం కాదు. ఆగకుండా సాగింది.

"భాగో!" అని అరిచింది దీదీ. "బంతి ఒగ్గేయండి! బంతి కోసం ఎవత్తీ ఎనక్కి తిరగొద్దు!"

అప్పటికీ మా కాళ్ల కింద తడి లేదు. నీరు మైదానం మీదికి రాలేదు. మా వెనక, పై రోడ్డుకు వెళ్లే ఒకే దారిలోని పల్లంలోకి చేరింది. మేము దిగేసరికి మోకాలి లోతు. చివరి పిల్లను నేను భుజానికెత్తుకుని దాటేసరికి నడుము లోతు, పక్కకు గట్టిగా లాగుతోంది. ఇంకో రెండు విజిళ్లు ఆడి ఉంటే ఆ దారి ఉండేది కాదు.

రోడ్డు మీద దీదీ హాజరు పిలిచింది. పదకొండు మందీ పలికారు. పన్నెండో పేరు కూడా పిలిచింది. తర్వాత జాకెట్టులోంచి నా కాగితం తీసి నీళ్లు పిండింది. "తడిసిపోనాది సార్. ఇంకోటి రాస్తారా?"

పేరు ఎందుకు పిలిచావని ఇంటికొచ్చాక వసుధను అడిగాను. "పిలవకపోతే ఒకళ్లు తక్కువైనట్టు ఉంది నాన్నా," అంది. నీటి చప్పుడు విన్నావా అన్నాను. వినలేదంది.

సోమవారం ఫీల్డ్ బుక్ తెరిచాను. కూడికలు సరి, తీసివేతలు సరి, యంత్రం సరి. తప్పు మొదటి అంకెలోనే ఉంది. సంతకం పెట్టే కాగితం కనుక నియమం ప్రకారం కల్వర్టు ఎత్తును అచ్చు జాబితాలోంచి తీసుకున్నాను. ఆ కల్వర్టు ఎంత కుంగిందో కొలిచి ముసాయిదాలో రాసింది నేనే, ఆ కాగితానికి పది రోజుల ముందు. ఆ విలువ వేసి చూస్తే నేను రాసిచ్చిన మీటరులో దాదాపు ఏమీ మిగలలేదు. బయలుదేరిన రాయే కుంగితే, తిరిగి అదే రాయి దగ్గరికి వచ్చి లెక్క సరిపోయిందనడంలో అర్థం లేదు.

నా మొదటి కాగితం రద్దు చేస్తూ రెండోది రాశాను. ముసాయిదా విలువనే వాడాను; పై అధికారి నుంచి సంజాయిషీ నోటీసు వచ్చింది, జవాబిచ్చాను. మైదానం ప్రమాదకరమని, పెద్ద పోటు రోజుల్లో దిగరాదని రాసి, పోటుపాట్ల పట్టిక ఒకటి దీదీకిచ్చాను. ఆమె తీసుకుంది. పిలుపు మాత్రం మానలేదు.

వసుధను దీదీ క్లబ్బులో చేర్చే ఫారం మీద సంతకం పెట్టేముందు ఒక పరీక్ష మిగిలింది. ఒక మధ్యాహ్నం మూడున్నరకు, పూర్తి పాటు వేళ, ఒంటరిగా మైదానానికి వెళ్లాను. సముద్రం బాగా వెనక్కి తగ్గి దూరంగా ఉంది. తూము నోరు బయటపడి, లోపల కనిపించినంత మేర పొడిగా ఉంది. జాలీ దగ్గర పది నిమిషాలు గడియారం చూస్తూ నిలబడ్డాను. శబ్దం లేదు. పరీక్షలో పరిస్థితులన్నీ మళ్లీ కల్పించాలి కనుక పేరు కూడా పిలిచాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

జాలీలోంచి "హాఁ" అని వచ్చింది.

ఫీల్డ్ బుక్‌లో వ్యాఖ్యల గడిలో ఇలా రాశాను: పాటు వేళ, తూము పొడి, గాలి లేదు, శబ్దం ఒకసారి వినబడింది, కారణం తేలలేదు. ఏ పరిశీలననైనా కనీసం రెండుసార్లు చేయాలని నా కింద పనిచేసిన వాళ్లందరికీ నేర్పాను. రెండోసారి నేను పిలవలేదు.

మర్నాడు దీదీ క్లబ్బు ఫారం మీద సంతకం పెట్టాను. గుట్ట మీది మైదానం ఎత్తైనదే, కానీ అక్కడివాళ్లు చెప్పింది ఏదీ తనిఖీకి నిలబడలేదు. పల్లంలోని వాళ్లు ప్రతి పావుగంటకూ తాము నిలబడిన నేలను తనిఖీ చేసేవారు. వసుధ రెండేళ్లూ ఆ గోల్‌లోనే ఆడింది.

ఆ తర్వాత పదవీ విరమణ వరకు, పని మొదలుపెట్టే ముందు బెంచ్ మార్క్‌నే ఇంకో బెంచ్ మార్క్‌తో సరిచూసేవాణ్ణి. కొలత తప్పు కావడం అరుదు. కొలవడానికి ఎక్కడ నిలబడ్డామన్నదే తప్పవుతుంది. ఆ మధ్యాహ్నం విన్నదానికి ఒక్క పరిశీలనే ఉంది. మా నియమం ప్రకారం అది లెక్కలోకి రాదు. పుస్తకంలో నుంచి కొట్టివేయనూ లేదు.