ముదిగుబ్బ దాకా పోయొచ్చి తాగిన కాఫీ

రెండువేలు దాటిన కొత్తలో, ఒకే ఏడాది మా చుట్టుపక్కల మూడు పెద్ద హోటళ్ళు లేచినాయి. హిందూపురంలో లిఫ్టు ఉండేది ఒకటి. పెనుకొండ కాడ హైవే మీద, పచ్చగడ్డి మధ్యలో సిమెంటు జింకలు నిలబెట్టినది ఇంకొకటి. మూడోది మా ధర్మవరంలోనే, మా వీధికి రెండు వీధుల అవతల, మూడంతస్తులది. అంతకుముందు మాకు లాడ్జి అంటే చీరల బేరానికి వచ్చే సేట్లు పండుకునే చోటు. ఆడోళ్ళకు ఆడ ఏం పని. మా ఊరి హోటలు బోర్డు మీద 'లగ్జరీ' అని తెలుగులో రాసింటే కూడబలుక్కుని చదివి, అంటే ఏందని మా ఇంటాయన్ను అడిగినాను. పని చెయ్యకుండా ఉండేదాన్ని అట్లంటారని ఆయప్ప చెప్పినాడు. ఆ మాట నా మనసులో పడి కూచుంది.

మాది మగ్గం ఇల్లు. మగ్గానికెక్కించిన నిలువు పోగుల వార్పు ఒకటి నేసేసి, కొత్త వార్పు అతికేదాకా నాలుగైదు దినాలు మగ్గం ఖాళీగా ఉంటుంది. మాకు సెలవంటే అదే, క్యాలెండర్లో ఉండేది కాదు. ఆ తడవ అంచులో ఏనుగులు, మామిడిపిందెలు వచ్చే పెండ్లి చీరలు మగ్గం మీదనించి కోసి ఇచ్చినాము. ఆయన నేస్తే, దారం కండెలు చుట్టి చుట్టి నా చేతివేళ్ళు అరిగిపోయినాయి. చీరలు బాగొచ్చినాయన్న కుశాలలో నీకేం కావల్నో అడుగు అన్నాడు. నేను చానా దినాల నుంచి అనుకుంటా ఉన్నదాన్ని అడిగేసినాను.

"ఒక్క పొద్దు నేను లేచేపాటికి ఎవరన్నా కాఫీ తెచ్చి చేతికియ్యల్ల మామా. వేడిగా ఉండల్ల. నేను కూచొని తాగల్ల."

ఇంతేనా అని, మర్నాడు పొద్దున్నే తనే పెట్టినాడు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. పొయ్యి కడిగి, గట్టు కడిగి, మళ్ళీ పాలు తెప్పించి నేనే పెట్టినాను. పెండ్లయి ఇరవై రెండేండ్లలో మా ఇంట్లో మొదటి పొయ్యి ముట్టించేది నేనే. చుట్టాలిండ్లకు పోయినా ఆడోళ్ళు కాళ్ళు చాపుకుని కూచుంటారా? కూచోనిచ్చినా మనకు కూచోబుద్దవుతుందా? ఇంక హోటలు తప్ప దోవ లేదని ఇద్దరం తీర్మానం చేసుకున్నాము. మూడిట్లో ఏదో చూసి ఎంచుకోవల్ల.

ముందు హిందూపురం పోయినాము ప్యాసింజరు రైలెక్కి. ఆ హోటల్లో లిఫ్టు ఎక్కినాము. దిగి మళ్ళీ ఎక్కినాము. గది చూపిస్తే నేను బాత్రూము, అద్దం చూస్తా ఉంటే, మా ఆయన నేరుగా మంచం కాడికి పోయి దుప్పటి కొస రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపినాడు. దారం ఎంత నంబరో, అడ్డం పేకలో ఎన్ని పోగులు తక్కువ కొట్టినారో చెప్పడం మొదలుపెట్టినాడు. చూపించేదానికొచ్చిన ఆయన మమ్మల్ని బట్టల కంపెనీ వాళ్ళనుకుని మేనేజరును పిలుచుకొచ్చె. మా ఆయన కర్టెన్ గూడా పట్టుకుని, ఇది ఒక్క ఉతుక్కు జానెడు కుంచుకుపోతుందని చెప్పి, అయినా గది బాగుండాదని ఒప్పుకున్నాడు.

అంతా కుదిరిందనుకుని కిందికి దిగి అద్దాల తలుపు తోసినాము. ఎదురుగా కూరగాయల సంచితో మా ఆడబిడ్డ. ఆయమ్మ ఇల్లు ఆ పక్క వీధే, మాకు లిఫ్టు సంబరంలో గుర్తే రాలేదు. బోర్డు చూసింది, మమ్మల్ని చూసింది.

"ఏమన్నా, నేను బతికుండంగానే లాడ్జిలో పండుకునేంత కష్టమొచ్చెనా నీకు?"

ఊరికే చూసేదానికి వచ్చినామని మా ఆయన అన్నాడు. ఊరికే లాడ్జి చూసేవాళ్ళను ఎవరన్నా చూసినారా? ఆయమ్మ వెనకాల నడిచినాము. ఆ రాత్రికి ఆడనే ఉండిపొమ్మన్నారు. పొద్దున నిద్ర లేచి చూస్తే ఆయమ్మకు నడుము పట్టుకుంది. తొమ్మిదిమందికి కాఫీ నేనే కలిపినాను.

పెనుకొండ ఇంకా బాగుండె. నేను పుట్టిన ఊరు, కొండ చూస్తానే ప్రాణం లేచొస్తుంది. హోటలు ముందర నీళ్ళు పైకి చిమ్మతా ఉంటే నేను చీర తడుపుకుని నవ్వతా ఉన్నా. దుప్పటి కూడా మా ఆయనకు నచ్చింది, చేతిమగ్గం గుడ్డేనంట. మనిషి మెత్తబడి, ఇదే ఖాయం చేస్తామన్నాడు. అంతలో సైకిలు గంట వినపడింది. రెండు పక్కలా క్యాన్లు కట్టుకుని మా అన్న వస్తా ఉన్నాడు. ఆ హోటలుకు పాలు పోసేది మా అన్నే అని అప్పుడు తెలిసింది. అన్న తిట్టలేదు. క్యాను దించి, సిమెంటు జింకను ఒకసారి చూసి, "మీ వదినకు ఈడ కనపడినారని చెప్పల్లనా, చెప్పకూడదా?" అని మాత్రం అడిగినాడు. ఆ మాటకు మేము జింకల మధ్యలో జింకల మాదిరి నిలబడినాము. అన్న సైకిలు వెనకాలే ఇంటికి పోయి, మధ్యాన్నం సంగటి తిని, సాయంత్రం రైలెక్కినాము.

నాకు ఏడుపొచ్చినంత పనయింది. రెండు దినాల్లో కొత్త వార్పు వస్తుంది, మళ్ళీ మగ్గం మొదలు. ఇంటికొచ్చి ఇట్లిట్లా జరిగిందని చెప్తే మా అత్త నవ్వి నవ్వి గోడకు ఆనుకునింది.

"చుట్టాలు లేని ఊరు మనకు యాడుందిమే? ఈ ఊర్లో మన చుట్టాలు మనమే. మనమేం అనుకోములే, ఈడ హోటల్లోనే పండుకోండి. నేనూ వస్తా."

అంతే, మర్నాడు ముగ్గురం సంచి సర్దుకున్నాము. వీధి దాటేలోపల పక్కింటామె ఎదురొచ్చి యాడికని అడిగింది. రెండు వీధుల అవతలికి పండుకునేదానికి పోతాండామని ఎట్ల చెప్తాము? మా అత్త తడుముకోకుండా కదిరి స్వామిని చూసేదానికి అనేసింది. పక్కింటామె మంచి మనిషి. సంచి నా చేతిలోనించి తీసుకుని బస్టాండు దాకా వచ్చి, కదిరి బస్సులో మాకు సీటు పట్టి కూచోబెట్టి, బస్సు కదిలేదాకా కిటికీ కాడ నిలబడి ప్రసాదం మరవద్దని చెప్పింది. ఎట్ల దిగేది? బస్సు ముదిగుబ్బ దాకా యాడా ఆగకుండా పోయింది. మేమూ పోయినాము. ఆడ దిగి గొర్రెల మందలు దాటుకుని అవతలి పక్కకు పోయి ధర్మవరం బస్సు ఎక్కినాము. దోవంతా మా అత్త, "కదిరికి సగం పోయినాము గదా, సగం నిజమే" అంటా ఉంటే మాకు నవ్వు ఆగలేదు. ఊర్లో దిగి, ఆడోళ్ళం మొగం మీద కొంగు కప్పుకుని, ముగ్గురం ఆటోలో హోటలుకు పోయినాము.

కౌంటరు కాడుండే ఆయన రిజిస్టర్లో మా వీధి పేరు చూసి పెన్ను కింద పెట్టేసినాడు. ఈ ఊరోళ్ళకు రూములియ్యము, గలాటాలవుతాయి, రూలంట. మా ఆయన ఏమేమో చెప్పినాడు, వినలేదు. నేను సంచి భుజానికేసుకున్నా. ముదిగుబ్బ దాకా పోయొచ్చి, ఇంటికే పోయి మళ్ళీ నా పొయ్యి నేనే ముట్టించాల్నా అనిపించింది. అప్పుడు మా అత్త ముందుకొచ్చింది.

"నాయనా, నీకు పొద్దున కాఫీ ఎవరిస్తారు?"

"మా ఇంట్లో ఆమె."

"ఆమెకెవరిస్తారు?"

ఆయన రిజిస్టరు మా వైపు తిప్పినాడు. పెన్ను తీసి మా ఆయన చేతికిచ్చె. మూడో అంతస్తులో వీధి వైపు గది ఇచ్చినారు.

నేను పరుపు మీద ఎగిరి చూసినా, ఎవరూ చూడకుండా. గీజరు నీళ్ళు అవసరం లేకపోయినా రెండు తడవలు పోసుకున్నా. మా ఆయన దుప్పటి నలిపి చూడబోతే, చాలు ముట్టుకోవద్దని చెయ్యి పట్టుకున్నా.

తెల్లారకముందే మెలకువ వచ్చేసింది, ఇరవై రెండేండ్ల అలవాటు. కండ్లు మూసుకుని బిర్రుగా పండుకున్నా. వెలుతురొచ్చినాక తలుపు తట్టినారు. తెల్ల టోపీ పెట్టుకున్న పెద్దాయన ట్రేలో మూడు కప్పులు పట్టుకుని నిలబడినాడు. నేను ఎప్పుడు లేచినానో నాకే తెలీదు. ట్రే అందుకున్నా, అత్తకు ఒకటిచ్చినా, మా ఆయనకు ఒకటిచ్చినా. అత్త చక్కెర చాలలేదంటే కలిపిచ్చినా. ట్రేలో కారినది కొంగుతో తుడిచినా. మంచం సర్దినా. నా కప్పు తీసుకునేపాటికి చల్లగా మీగడ కట్టి ఉండె.

మా అత్త చూసింది. కప్పు నా చేతిలోనించి లాక్కుని బాత్రూములో పారబోసింది. గంట నొక్కి ఇంకొక కాఫీ చెప్పింది. మళ్ళీ తలుపు తట్టేలోపల నన్ను కిటికీ కాడుండే కుర్చీలో కూచోబెట్టి, నా భుజాల మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

"ఈసారి లేచినావంటే చూడు."

పెద్దాయన నేరుగా నా చేతికిచ్చినాడు. వేడికి వేళ్ళు చురుక్కుమనినాయి. నిజం చెప్పాలంటే అదేం కాఫీ, నీళ్ళు ఎక్కువ, చికోరీ ఎక్కువ. మా ఇంట్లో అట్ల పెడితే నన్నే తిట్టిందురు. కానీ ఆఖరి గుక్క దాకా వేడిగానే ఉండె. మా ఆయన నా మొగమే చూస్తా ఉన్నాడు, చీర మగ్గం మీదనించి దించినప్పుడు చూసినట్ల.

కిటికీలోంచి కిందికి చూస్తే మా వీధి కనపడింది. పక్కింటామె మా వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు వేస్తా ఉండె. నేను ఊర్లో లేనని నా పని ఆమె చేస్తా ఉండె. నాకు నవ్వూ, సిగ్గూ రెండూ వచ్చినాయి. అప్పటికప్పుడు సంచి ఎత్తుకుని, ఇంక అబద్దం సగం కూడా ఉండకూడదని, నిజంగానే కదిరికి పోయి స్వామి దర్శనం చేసుకుని సాయంత్రానికి ఇంటికొచ్చినాము.

ప్రసాదం పొట్లం పట్టుకుని పక్కింటికి పోయినా. కదిరిలో జనం ఎక్కువని చెప్పడం మొదలుపెట్టినా. ఆమె ప్రసాదం కండ్లకద్దుకుని నోట్లో వేసుకుని నిమ్మళంగా అనింది.

"పొద్దున మీ అత్త మూడో అంతస్తు కిటికీలోనించి నాకు చెయ్యి ఊపతా ఉండె. నీ చేతిలో కప్పు కూడా కనపడె."

ఆమె దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది.

"కాఫీ ఎట్లుండె? వేడిగా తెచ్చిరా?"