లెక్కలో లేని జీతం

పటాన్‌చెరులో బస్సెక్కి నా పక్కన కూర్చున్న అమ్మాయి, ఒళ్లో కాగితం పెట్టుకుని సంబరంగా చెప్పింది.

"లేత్ మిషన్ ఆరు లక్షలమ్మా. కరెంటు, కిరాయి పోను నెలకు ఇరవై ఐదు వేలు మిగులుతయి. రెండేళ్లల్ల పెట్టిన పైసలు తిరిగొస్తయి. ఒక కంపెనీ మూడేళ్లు పని ఇస్తనన్నది."

చివరికి అడిగాను. "మిషన్ ఎవరు నడుపుతారు?"

"మా ఆయన. ఇయ్యాలనే నౌకరికి రాజీనామా ఇస్తుండు."

"ఇప్పుడు జీతమెంత?"

"పదిహేను వేలు."

"అది పోతుంది కదమ్మా. మీకు పెరిగేది పది వేలే. పెట్టింది రావడానికి ఐదేళ్లు పడుతుంది, పనేమో మూడేళ్లే."

ఆమె ఫోన్ చేసింది. అతను ఎత్తలేదు. "ఫ్యాక్టరీ గేటుకాడనే ఫోన్లు తీసుకుంటరు," అంటూ రుద్రారంలో దిగి, ఎదురుగా వచ్చే పటాన్‌చెరు బస్సు కోసం రోడ్డుకడ్డంగా పరుగెత్తింది.

కాగితంలో కూలి పద్దు లేదని ఆమె తీసినప్పుడే చూశాను. అడగాలా వద్దా అని పదకొండు నిమిషాలు ఊరుకున్నాను.