మల్లేశం కోసం సన్యాసుల బీరు

మొన్న శుక్రవారం, ఒమన్‌లో నేను పనిచేసే షినాస్ నుంచి మస్కట్ వెళ్ళి సన్యాసుల బీరు తాగి వచ్చాను. సరదాకు కాదు. నా రూమ్మేట్ మల్లేశం, మాది ఒకటే జిల్లా జగిత్యాల, నిద్రలోనే పోయాడు. శవం ఇంటికి చేరింది గానీ నాకు సెలవు దొరకలేదు. మూడో రోజు పిట్టకు పెడితే ముట్టలేదట. మటన్ పెట్టారు, కల్లు పోశారు, ఆఖరికి అతను కాల్చే బీడీ కూడా పెట్టారు. కాకి చెట్టు దిగలేదు. పోయినవాడి కోరిక మిగిలితేనే అలా అవుతుందని మా వైపు నమ్మకం. అతని భార్య లక్ష్మి ఫోన్‌లో ఒకటే ఏడుపు. "ఏం కోరిక ఉండెనో నీకే ఎరుకుంటది అన్నా. జర యాది జేసుకో."

నాకు గుర్తొచ్చింది ఒక్కటే. బెల్జియంలో క్రైస్తవ సన్యాసులు మఠంలోనే నల్లటి ఘాటు బీరు కాస్తారని ఫోన్‌లో వీడియో చూసి మల్లేశం పడీపడీ నవ్వాడు. "సాములే కాస్తున్నరంటె మనకు పాపమెట్లయితది రా? ఒక్కపారన్న తాగాలె." ఆ బీరుతో నేల మీద అతని పేరున నాలుగు చుక్కలు సాక పోస్తానని లక్ష్మికి మాటిచ్చాను.

పొద్దున్నే బస్సెక్కి, సొహార్‌లో మారి, మస్కట్‌లో దిగి ఘుబ్రా అనే పేట దాకా టాక్సీలో వెళ్ళాను. రానూపోనూ ఛార్జీలకు, బీరుకు కలిపి పాతిక రియాళ్లు దగ్గర ఉంచుకోండి. మందు లైసెన్సున్న హోటల్ బార్లలోనే దొరుకుతుంది. నేను వెళ్ళినది మధ్యాహ్నం కాసేపే తెరుస్తారు. వెయిటర్ మలయాళీ. పెద్ద సీసా తెచ్చి, "అకేలే పియోగే భాయ్? బహుత్ స్ట్రాంగ్ హై" అన్నాడు, ఒక్కడివే తాగుతావా అన్నట్టు చూస్తూ. కాస్త బయటికి తీసుకెళ్ళనిమ్మని బతిమాలాను. "నహీ భాయ్, మేరీ నౌకరీ జాయేగీ." తన ఉద్యోగం పోతుందట. కింద చూస్తే గోడ నుంచి గోడ దాకా కార్పెట్.

మాడిన బెల్లం పాకంలా ఉంది, చివర్లో చేదు. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. బాగున్నందుకే కోపమొచ్చింది, ఏడుపొచ్చింది. ఎవరూ చూడకుండా చేతిరుమాలు గ్లాసులో తడిపి, పిడికిట్లో పట్టుకుని బయటపడ్డాను.

హోటల్ ముందంతా టైల్స్, ఆ తర్వాత తారు, ఆ తర్వాత సిమెంటు. మట్టి కనపడేదాకా మండే ఎండలో నడిచాను. ఖాళీ స్థలం దొరికాక రుమాలు పిండితే ఒక్క చుక్క రాలలేదు. ఎండకు ఎప్పుడో ఆరిపోయింది. ఏం చేయాలో తోచక దాన్నే మట్టి మీద పరిచాను. ప్రహరీ మీంచి ఒక కాకి దిగింది, తల వంచి చూసింది, ముట్టకుండానే ఎగిరిపోయింది. అప్పుడే ఫోన్ మోగింది.

"పోసినవా అన్నా? పిట్ట అచ్చిందా?"

"అచ్చింది చెల్లె."

ముట్టిందా అని ఆమె అడగలేదు. అడగకపోవడం చూస్తే ఆమెకు తెలిసిపోయిందేమో అనిపించింది.

తిరుగు బస్సులో నా అరచేతికి అంతా ఆ బీరు వాసనే. నాకు ఈ నమ్మకాలు ఉన్నాయో లేవో నాకే తెలియదు. కానీ ఆ పిట్ట ముట్టి ఉంటే నేను కూడా కాస్త నిద్రపోయేవాణ్ణి. రూమ్‌లో అతని మంచం ఇంకా అలాగే ఉంది.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. ఆ సీసా ఇద్దరికి సరిపడా ఉంటుంది. ఒక్కరే వెళ్ళకండి.