కొలవని చుక్క

ఆ రోజుల్లో నాకు కొలతల కన్నా స్కేలు మీద నమ్మకం ఎక్కువ. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో నాలుగు కార్బన్ల తోక ఉన్న అణువుకు ఒక చుక్క, ఆరు కార్బన్లదానికి ఒక చుక్క గ్రాఫు మీద పెట్టి, ఐదు కార్బన్లదాన్ని కొలవకుండానే ఆ రెండింటి మధ్య స్కేలు పెట్టి మూడో చుక్క వేసేశాను. వేసి, మంగళగిరి బస్సెక్కాను. (అక్కడ మా బావ పెళ్లి. రెండు దాటితే పూర్ణాలు అయిపోతాయి.)

విజయవాడలో మా కాలేజీ ల్యాబు పని ఇదీ: కాలిక్యులేటర్ తెరలో ఉండేలాంటి ద్రవ స్ఫటికాన్ని రెండు గాజు పలకల మధ్య వేసి, వేడి నిలకడగా ఉంచి, కరెంటు దిశను అటూ ఇటూ మారుస్తూ పోవాలి. అణువులూ దాంతోపాటు తిరుగుతాయి. వేగం పెంచుతుంటే ఒకచోట అందుకోలేక వెనకబడతాయి. తోక పొడవును బట్టి మారే ఆ వేగమెంతో రాసుకుని, గ్రాఫు మీద చుక్కగా పెట్టాలి. “రద్దీ బస్సులో గొడుగు పట్టుకున్నోడు తిరగడం వేరు, వెదురుగడ పట్టుకున్నోడు తిరగడం వేరురా,” అనేవారు మాకు ప్రాజెక్టు చేయించే మాస్టారు. ఒక్కో పదార్థానికి ఒక పూట పట్టేది.

నా గీత చూసి ఆయన మురిసిపోయి, ల్యాబులోనే చిన్న ఉద్యోగం ఇప్పించారు. మరుసటి ఏడు ఆ ఐదు కార్బన్లదాన్నే ఒక జూనియర్ అమ్మాయికిచ్చారు. ఆమెకు ఆయన దగ్గర పరిశోధనలో చేరాలని ఆశ. ఉన్నది ఒక్కటే సీటు. ఆమె చుక్క గీతకు దూరంగా పడింది.

“ఏంటమ్మా ఇది? మీ అన్నయ్యకి ఎంత తిన్నగా వచ్చిందో చూడు. మళ్లీ చెయ్యి,” అన్నారు మాస్టారు, నన్ను చూపిస్తూ.

మూడుసార్లు చేసింది. మూడుసార్లూ అక్కడే పడింది. నేను పక్కనే కూర్చుని గాజు పలకలు తుడిచాను. (అంత శ్రద్ధగా ఎన్నడూ తుడిచి ఎరగను.) “సీసాలో పదార్థం అయిపోయింది సార్,” అంది చివరికి. రికార్డులో ‘నా పొరపాటు’ అని రాసుకుంది. సీటు ఇంకొకరికి వెళ్లింది.

తర్వాత పత్రికలో చేరాను. కనుక్కోకుండా రాస్తే ఇంటికి పంపుతామని అక్కడ మొదటి రోజే చెప్పారు. తోకలో కార్బన్లు సరిసంఖ్యలో ఉంటే ఒకలా, బేసిసంఖ్యలో ఉంటే ఒకలా మెలిగే పదార్థాలున్నాయని ఎప్పుడో చదివి, చాలాసేపు కాఫీ తాగలేకపోయాను. (నాలుగూ ఆరూ సరి, ఐదు బేసి.)

కిందటేడు ఓ కోచింగ్ కాలేజీకి వార్త కోసం వెళ్తే, ఫిజిక్స్ చెబుతూ ఆమె కనిపించింది. “నాకప్పట్లో చెయ్యి కుదిరేది కాదన్నయ్యా. నీకెలా వచ్చిందా చుక్క?” అంది నవ్వుతూ.

“ఓపికమ్మా,” అన్నాను. ఈ వయసులోనూ నోరు అంత తిన్నగా అబద్ధమాడింది. నవ్వొచ్చింది, తల ఎత్తలేకపోయాను.

ఆ సీసా మళ్లీ రాలేదు. ఆమె కొలత సరైనదో కాదో మా ల్యాబులో ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు.