పైపు లేని సంపు

పైన కొండను తవ్వి ఇనుపరాయి తీసేవారు. కింద మా కాలేజీ హాస్టల్ కుళాయికి ఎర్రనీళ్లు వచ్చేవి. ఆ నీళ్లతో వండితే పప్పు కూడా తుప్పు వాసన కొట్టేది. అందుకే మాకు వండిపెట్టే అక్క వానాకాలమంతా చూరు కింద నాలుగు డ్రమ్ములు పెట్టి, వాటి మూతికి పాత చీర కట్టి నీళ్లు పట్టేది. బియ్యం కడిగిన నీళ్లు పెరట్లో బీరపాదుకు పోసేది. ఆమెది సరిహద్దు దగ్గరి ఎర్రబోరు అనే తెలుగు ఊరు. ఇవన్నీ ఆమెకు ఎవరూ చెప్పిన పనులు కావు.

నా రెండో ఏడాదిలో, తనిఖీ ఉందని ఆ బీరపాదు పీకేసి సిమెంటు సంపు కట్టారు. వాననీటి సంరక్షణ అని హిందీలో పెద్ద బోర్డు పెట్టారు. చూరు నుంచి సంపుకి పైపు మాత్రం వేయలేదు. ప్రిన్సిపాల్‌ను అడిగితే, "పహలే ఇన్‌స్పెక్షన్ హోనే దో" అని, ముందు తనిఖీ కానివ్వమన్నాడు.

తనిఖీ రోజు పొద్దున సంపు ఎండిపోయి ఉంది. అక్క డ్రమ్ముల్లో నీళ్లు బకెట్లతో మోసి అందులో పోయమని ప్రిన్సిపాల్ మాకు హుకుం జారీ చేశాడు.

"పిల్లలకు దేంతోని వండాలె సారూ?" అని అక్క అడ్డం వచ్చింది. ఆయన ఆమెవైపు చూడనైనా లేదు. మేం మోశాం. నేనూ మోశాను. అందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

వచ్చినవాళ్లలో ఒకాయన తెలుగువాడు. "వాన నీళ్లేనామ్మా?" అని అక్కను అడిగాడు.

"వాన నీళ్లేనయ్యా. నేను పట్టుకున్నయి. పొద్దుగాల పిల్లలతోని మోపిచ్చిన్రు."

ఆయన చూరువైపు చూశాడు. పైపు లేదని కళ్లారా చూశాడు. చూసి కూడా బోర్డు పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు!

నా ఒళ్లు మండిపోయింది. వాళ్ల జీపు గేటు దాటకముందే, అక్క నీళ్లు అక్కకు తిరిగిద్దామని బకెట్‌కు తాడు కట్టి సంపులో వేశాను. "క్యా కర్ రహీ హో?" అని ప్రిన్సిపాల్ అరిచాడు. బకెట్ తోడి ఆయన బూట్ల పక్కన ధడాలున దించాను. అక్క ఆ నీళ్లు పుడిసిట పట్టి నోట్లో పోసుకుని ఉమ్మేసింది.

"సిమెంటు కంపు. పారబొయ్యి బిడ్డా."

ఆ పూట ఎర్రనీళ్ల పప్పే తిన్నాం. నేను చదువు ముగించేదాకా సంపుకి పైపు రాలేదు. మీ అమ్మాయి సంపులో నీళ్లు తోడింది, క్రమశిక్షణ లేదంటూ మా ఇంటికి ఉత్తరం మాత్రం వారంలోనే వెళ్లింది. నాన్నకు హిందీ చదవడం రాదు. సెలవులకు వెళ్లినప్పుడు నేనే ఒక్క ముక్క దాచకుండా చదివి వినిపించాను.

"నీళ్లు తోడితే తప్పేంది?" అన్నాడు నాన్న.